ఒంటి మాట నమ్మకూడని చోటు

విమానం నడిపేవాళ్ళ ఒంటికి ఆకాశంలో ఏమవుతుందన్నది ఇవాళ్టి నా ప్రసంగ విషయం. మనకెందుకీ గొడవ అనుకోకండి. నేను వైద్యుణ్ణి. పైలట్లకి ఆరోగ్యపరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే బాధ్యత కూడా నాకుంది. ఒకప్పుడు ఆ పరీక్షకి వచ్చేవాళ్ళలో తెలుగు పేరు కనిపిస్తే విశేషంగా ఉండేది. ఇప్పుడు వారమంతా కంప్యూటర్ ముందు కూర్చుని శనివారం పూట సెస్నా నేర్చుకునే మనవాళ్ళున్నారు. ఈ దేశంలో 16 ఏళ్ళకి ఒంటరిగా విమానం నడపచ్చు, 17 ఏళ్ళకి లైసెన్సు తీసుకోవచ్చు. కనీసం 40 గంటలు గాల్లో గడిపితే చాలు. కారు తాళాలు ఇవ్వడానికే ఆలోచించే అమ్మానాన్నలకి ఇది మింగుడుపడని సంగతే.

మొన్నామధ్య ఒకావిడ ఫోన్ చేశారు. "డాక్టరు గారూ, మావాడు విమానం నేర్చుకుంటానని కూర్చున్నాడండీ. పైన ఇంజను ఆగిపోతే ఏం గతండీ?" అని. తల్లులందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. "ఇంజను ఆగితే విమానం రాయిలా పడిపోదమ్మా, గాల్లో జారుకుంటూ వస్తుంది, దించడానికి కాస్త వ్యవధి ఉంటుంది, అదంతా ముందే నేర్పిస్తారు" అని చెప్పాను. ఇంజను ఆగితే ఆగిందని పైలట్‌కి తెలుస్తుంది కదా. నన్ను భయపెట్టేవి వేరే ఉన్నాయి. అవి వచ్చినట్టు పైలట్‌కే తెలియదు. పైగా అంతా బాగానే ఉందనిపిస్తుంది. వాటిలో ఒకటి ఆక్సిజన్ చాలకపోవడం, రెండోది ఏది పైనో ఏది కిందో తెలియకపోవడం.

మొదటిదానికి ఒక సంఘటన చెబుతాను. 2008 జూలై 26న వర్జీనియాలోని మనాసస్ నుంచి మిషిగన్‌లోని ఇప్సిలాంటికి కలిట్టా సంస్థ వారి లియర్ జెట్ ఒకటి బయల్దేరింది. అది 32,000 అడుగుల ఎత్తున ఉండగా, క్లీవ్‌లాండ్ కంట్రోల్ సెంటర్‌తో మాట్లాడుతున్న పైలట్ మాట తేడాగా వినిపించింది. తాగినవాడి మాటలా ముద్దముద్దగా ఉంది. వెనకాల అలారం మోగుతోంది. ఎత్తు నా అదుపులో లేదు, వేగం అదుపులో లేదు, దిశ అదుపులో లేదు అని వరసగా చెప్పి, అవి తప్ప మిగతా అంతా బ్రహ్మాండంగా ఉందన్నాడు! వింటే మొదట నవ్వొస్తుంది, తర్వాత ఒళ్ళు జలదరిస్తుంది. కంట్రోలర్లకి అనుమానం వచ్చి, కిందికి దిగమని పదేపదే చెప్పారు. ఎలాగో దించాడు. 11,000 అడుగులకి వచ్చేసరికి అదే మనిషి, అదే గొంతు, స్పష్టంగా మామూలుగా మాట్లాడుతున్నాడు. విమానం క్షేమంగా దిగింది.

ఆ పైలట్ తాగలేదు. విమానం లోపల గాలి పీడనం పడిపోయింది, అంతే. దీన్నే హైపాక్సియా అంటారు.

పైకి వెళ్ళేకొద్దీ గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఎవరెస్టు మీదైనా, విజయవాడలోనైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది పీడనం. 18,000 అడుగుల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. అంటే గుండెల నిండా పీల్చినా రక్తంలోకి ఆక్సిజన్‌ని నెట్టే బలం సగమైపోయింది.

మరి ఊపిరాడనట్టు ఎందుకు అనిపించదు? చిన్నప్పుడు చెరువులో మునిగి ఎవరెంతసేపు ఉంటారో పందెం వేసుకునేవాళ్ళం గుర్తుందా? కాసేపటికి గుండె పట్టేసినట్టయి గిలగిల్లాడుతూ పైకొస్తాం. ఆ గిలగిల ఆక్సిజన్ తగ్గినందుకు కాదు, ముఖ్యంగా ఒంట్లో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, పేరుకుపోయినందుకు. ఆకాశంలో పైలట్ ఊపిరి పీల్చి వదులుతూనే ఉంటాడు కాబట్టి ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది. అంచేత గిలగిల లేదు, నొప్పి లేదు. మెదడు మాత్రం మెల్లగా ఆరిపోతుంటుంది. మొదట పోయేది విచక్షణ. ఏదో తప్పు జరుగుతోందని కనిపెట్టాల్సిన అధికారే ముందు నిద్రపోతాడన్నమాట. కొందరికి హాయిగా, రెండు గుక్కలు వేసుకున్నట్టు ఉల్లాసంగా కూడా ఉంటుంది.

ఆక్సిజన్ అందకపోయాక మనిషి తన పని తాను చేసుకోగల తెలివి ఎంతసేపుంటుందో లెక్కలు కట్టారు. 18,000 అడుగుల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు. 25,000 దగ్గర 3 నుంచి 5 నిమిషాలు. మనం ఇండియా వెళ్ళేటప్పుడు ఎగిరే 35,000 దగ్గర అర నిమిషం నుంచి ఒక నిమిషం. 40,000 దగ్గర 15, 20 సెకన్లు. పీడనం ఒక్కసారిగా పోతే ఇవి ఇంకా తగ్గుతాయి. పెద్ద విమానంలో ఎయిర్ హోస్టెస్ ముందు మీ మాస్కు పెట్టుకోండి, తర్వాత పిల్లలకి పెట్టండి అని చెబుతుంటే మన తల్లులకి మనసొప్పదు. "పిల్లాడికి పెట్టకుండా నేనెలా పెట్టుకుంటాను?" అంటారు. మీకు పెట్టుకుంటే పిల్లాడికి పెట్టగలరు. పిల్లాడి మాస్కు తాడుతో కుస్తీ పడుతూ ఆ అర నిమిషం గడిపేస్తే ఇద్దరికీ పెట్టేవాళ్ళుండరు.

ఆక్సిజన్ అందక సిబ్బంది స్పృహ తప్పితే ఏమవుతుందో ఈ దేశమంతా 1999 అక్టోబర్ 25న టీవీలో చూసింది. గోల్ఫ్ ఆటగాడు పేన్ స్టూవర్ట్ ఆ ఏడు జూన్‌లోనే యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. ఆ రోజు ఉదయం ఓర్లాండోలో లియర్ జెట్ ఎక్కి డాలస్‌కి బయల్దేరాడు. బయల్దేరిన ఎనిమిది నిమిషాలకి పైలట్లు చివరిసారి రేడియోలో మాట్లాడారు. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలకలేదు. యుద్ధవిమానాలు పక్కకి వెళ్ళి చూస్తే కిటికీలు మంచు పట్టి ఉన్నాయి, లోపల కదలిక లేదు. ఆటోపైలట్ మీద దాదాపు నాలుగు గంటలు ఉత్తరంగా ఎగిరి, ఇంధనం అయిపోయి, సౌత్ డకోటాలో మీనా అనే ఊరి దగ్గర పొలంలో కూలింది. పైలట్లిద్దరూ, ప్రయాణికులు నలుగురూ పోయారు. పీడనం పోయిందని, సిబ్బందికి ఆక్సిజన్ అందలేదని ఎన్.టి.ఎస్.బి. తేల్చింది. ఎందుకు అందలేదో మాత్రం తేల్చలేకపోయింది.

మన దేశంలోనూ ఒకసారి దాని అంచుదాకా వెళ్ళారు. 2018 సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ బయల్దేరిన జెట్ ఎయిర్‌వేస్ విమానంలో, లోపలికి గాలిని నింపే స్విచ్ వేయడం సిబ్బంది మరిచారు. విమానం పైకెక్కుతుంటే మాస్కులు కిందికి వేలాడాయి. సుమారు 30 మందికి ముక్కుల్లోంచి, చెవుల్లోంచి రక్తం వచ్చింది. వెనక్కి తిప్పి ముంబైలో దించారు కాబట్టి సరిపోయింది.

ఓక్లహోమా సిటీలో ఎఫ్.ఏ.ఏ. వారి వైద్య పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ ఇనపగదిలో పైలట్లని కూర్చోబెట్టి, గాలి తోడేసి, 25,000 అడుగుల ఎత్తులో ఉన్న పరిస్థితి కల్పిస్తారు. మాస్కు తీసి, కాగితం మీద చిన్న చిన్న లెక్కలు చేయమంటారు. ఇలాంటి శిక్షణలో ఒకసారి నా ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి చకచకా రాస్తూ మొదలుపెట్టాడు. మూడో నిమిషంలో ఒకే అంకె మీద పెన్ను తిప్పుతూ, ఎంతో సంతోషంగా నవ్వుతున్నాడు. మాస్కు పెట్టుకోమని శిక్షకుడు చెబితే తలూపాడు గానీ చెయ్యి కదలలేదు. వాళ్ళే పెట్టారు. నాలుగు ఊపిర్లు పీల్చాక తన కాగితం చూసుకుని, ఇది నేను రాసింది కాదన్నాడు. ఆ శిక్షణలో అసలు లాభం ఏమిటంటే ఎవరి లక్షణాలు వారికి తెలుస్తాయి. ఒకరికి గోళ్ళు నీలమవుతాయి, ఒకరికి వేళ్ళు జివ్వుమంటాయి, ఒకరికి ఒళ్ళు వేడెక్కుతుంది. తన గుర్తు ఏదో తెలిసినవాడికి పైన ఒక్క క్షణమైనా అనుమానం వస్తుంది.

చిన్న విమానాల్లో చాలావాటికి లోపల పీడనం పెంచే ఏర్పాటు ఉండదు. అంచేత నిబంధన ఉంది. 12,500 అడుగులు దాటి 14,000 వరకు అరగంటకి మించి ఉంటే పైలట్ ఆక్సిజన్ వాడాలి. 14,000 దాటితే మొత్తం సమయం వాడాలి. 15,000 దాటితే ప్రయాణికులకీ అందుబాటులో ఉంచాలి. కొలరాడో వెళ్ళినప్పుడు పైక్స్ పీక్ మీదికి కారులో ఎక్కే ఉంటారు. అది 14,115 అడుగులు. పైన దిగగానే మెట్లెక్కితే ఆయాసం, పిల్లలకి తలనొప్పి, పెద్దవాళ్ళకి కాస్త తూలుడు వస్తాయి కదా. అదే ఎత్తులో, కూర్చున్నచోటే కూర్చుని, లెక్కలు వేసుకుంటూ విమానం నడపాలి. రాత్రిపూటైతే 5,000 అడుగుల నుంచే ఆక్సిజన్ వాడడం మంచిదని ఎఫ్.ఏ.ఏ. సలహా, ఎందుకంటే ఆక్సిజన్ కొరత కంటిచూపుకి తొందరగా తెలుస్తుంది. కోవిడ్ రోజుల్లో మనందరం కొనుక్కున్న వేలికి తగిలించే ఆక్సిమీటర్ సొరుగులో పడి ఉంటే, ఇంట్లో ఉన్న పైలట్‌కి ఇచ్చేయండి.

ఇక రెండోది, దిశ తెలియకపోవడం. నా మటుకు నాకు ఇదే పెద్దది, ఎందుకంటే ఇది 40,000 అడుగుల్లో కాదు, మన పిల్లలు ఎగిరే రెండు మూడు వేల అడుగుల్లోనే కాటేస్తుంది.

ఒప్పులకుప్ప ఆడారా? ఇద్దరు చేతులు పట్టుకుని గిర్రున తిరిగి ఆగగానే మనం ఆగినా ఊరంతా తిరుగుతుంది. తెలుగులో దాన్ని కళ్ళు తిరగడం అంటాం. ఆ మాట వైద్యశాస్త్రం ప్రకారం కూడా నిజం, ఆ సమయంలో కనుగుడ్లు నిజంగానే పక్కకి కొట్టుకుంటుంటాయి. చెవి లోపల మూడు చిన్న అర్ధచంద్రాకారపు గొట్టాలున్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే ద్రవం వెనకబడి, సన్నటి వెంట్రుకల్లాంటి కణాల్ని వంచుతుంది. తిరుగుతున్నామని మెదడుకి కబురు వెళుతుంది. కానీ ఒకే వేగంతో 10, 20 సెకన్లు తిరుగుతూ పోతే ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరిగి, కబురు ఆగిపోతుంది. మెదడు తిన్నగా వెళుతున్నాం అనుకుంటుంది. అప్పుడు నిజంగా తిన్నగా చేస్తే అవతలి వైపుకి తిరుగుతున్నట్టనిపిస్తుంది. నేలమీద కళ్ళు ఆ పొరపాటుని దిద్దుతాయి. మబ్బులో, చీకట్లో దిద్దేవాళ్ళు లేరు.

ఈ సంగతి పైలట్లు ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. తొలిరోజుల్లో మంచి పైలట్ అంటే ఒంటితోనే విమానం పోకడ పసిగట్టేవాడని నమ్మకం. 1926లో శాన్ ఫ్రాన్సిస్కోలోని క్రిసీ ఫీల్డ్‌లో సైనిక వైద్యుడు డేవిడ్ మయర్స్, పేరున్న పైలట్ విలియం ఆకర్‌ని కళ్ళకి గంతలు కట్టి తిరిగే కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ ఆగితే అవతలి వైపు తిరుగుతోందన్నాడు ఆకర్. ఆయనకి తల కొట్టేసినట్టయింది. కానీ ఊరుకునే మనిషి కాదు. ఒక పెట్టెలో విమానపు మలుపు చూపే పరికరం పెట్టుకొచ్చి, దానిలోకి చూస్తూ కుర్చీలో కూర్చుని, ప్రతిసారీ సరిగ్గా చెప్పాడు. చెవి మాట వదిలేసి ముల్లు మాట వినడం అప్పుడు మొదలైంది. 1929 సెప్టెంబర్ 24న లాంగ్ ఐలాండ్‌లోని మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ బయటకి ఏమీ కనపడకుండా మూసేసిన కాక్‌పిట్‌లో కూర్చుని, పరికరాలే చూస్తూ విమానం ఎగరేసి, చుట్టు తిప్పి, దించాడు.

పరికరాలు చూసి నడపడంలో ప్రత్యేక శిక్షణ లేనివాళ్ళు మబ్బులోకి వెళితే ఎంతసేపు నిలబడతారు? 1954లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అలాంటి 20 మందిని పరీక్షించారు. అందరూ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు, పాలు పొంగేంత సేపు. వారిలో 19 మంది పడిన ఉచ్చు ఒకటే. విమానం మెల్లగా ఒక పక్కకి ఒరుగుతుంది, చెవికి తెలియదు. ఒరిగిన విమానం కిందికి జారుతుంది. ఎత్తు తగ్గడం చూసి పైలట్ కంట్రోల్‌ని వెనక్కి లాగుతాడు. ఒరిగి ఉండగా లాగితే సుడి ఇంకా బిగుసుకుంటుంది. దీన్ని శ్మశానపు సుడి అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు.

జాన్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ విషయంలో జరిగింది దాదాపు ఇదే. 1999 జూలై 16 రాత్రి, ఎడిసన్‌కి ఎంతో దూరం లేని న్యూజెర్సీలోని కాల్డ్‌వెల్ విమానాశ్రయం నుంచి భార్యనీ, ఆమె అక్కనీ ఎక్కించుకుని బయల్దేరాడు. మర్నాడు బంధువుల పెళ్ళి. వాతావరణం నిబంధనల ప్రకారం బాగానే ఉంది. కానీ చీకటి, పొగమంచులాంటి మసక, కింద దీపం లేని సముద్రం. పరికరాల మీద నడిపే అర్హత ఆయనకింకా రాలేదు. మార్తాస్ వినియార్డ్ దగ్గర విమానం సుడి తిరుగుతూ నీళ్ళలో పడింది. దిశాభ్రాంతి వల్ల అదుపు తప్పిందని నివేదిక.

కొత్తవాడు కదా అంటారేమో. 2020 జనవరి 26న కాలిఫోర్నియాలోని కలబాసాస్ దగ్గర బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన కూతురు సహా 9 మంది పోయిన హెలికాప్టర్‌ని నడిపినవాడికి 8,000 గంటలకి పైగా అనుభవం ఉంది. మబ్బులోకి వెళ్ళాక, 4,000 అడుగులకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పాడు. ఆ మాట అంటున్న క్షణాన హెలికాప్టర్ ఎడమకి తిరుగుతూ కిందికి దిగుతోంది. అబద్ధమాడలేదు పాపం, ఆయన ఒళ్ళు ఆయనకి అలాగే చెప్పింది.

పరికరమే తప్పు చెబితే? పెద్దవాళ్ళకి గుర్తుండి ఉంటుంది, 1978 జనవరి 1న బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిర్ ఇండియా జంబో జెట్, ఎంపరర్ అశోక, రెండు నిమిషాల్లోపే సముద్రంలో కూలి 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న, విమానం వాలు చూపే పరికరం కుడికి ఒరిగినట్టు చూపిస్తూ నిలిచిపోయింది. నిజానికి విమానం తిన్నగానే ఉంది. ఆయన ఎడమకి తిప్పాడు, తిప్పుతూనే ఉన్నాడు. బయట చూద్దామంటే అమావాస్యలాంటి సముద్రం. అందుకే శిక్షణలో ఒక ముల్లుని నమ్మద్దు, నాలుగింటినీ కలిపి చూడు అని నూరిపోస్తారు.

ఇందులో ఇంట్లోవాళ్ళు చేయగలిగింది ఏముంది అంటే, చాలా ఉంది. కోబీ బ్రయంట్ కేసులో పైలట్‌ని ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ ఆయన్ని గమ్యం చేర్చాలన్న ఒత్తిడి తనకి తానే పెట్టుకుని ఉంటాడని ఎన్.టి.ఎస్.బి. రాసింది. ఇల్లు చేరాలన్న ఈ తపనకి పైలట్లు ఒక జబ్బు పేరే పెట్టారు, గెట్ హోమ్ ఐటిస్ అని. మనవాళ్ళలో అది ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆదివారం సాయంత్రం, పక్క రాష్ట్రంలో పెళ్ళి భోజనం అయింది. సోమవారం ఆఫీసు, పిల్లల స్కూలు, వెనక సీట్లో అత్తగారు. "ఏమయ్యా, బయల్దేరదామా?" అని ఒక్కసారి అడిగితే చాలు, మబ్బు పల్చగా కనిపిస్తుంది. దానికి బదులు, వెళ్ళేముందే "ఆదివారం కుదరకపోతే కారు అద్దెకి తీసుకుందాం, సోమవారం సెలవు పెట్టేశాను" అని చెప్పి చూడండి. ఆ పైలట్ వేసుకునే లెక్క మారిపోతుంది. ఏ వైద్యుడూ రాయలేని మందు అది.

పక్కసీట్లో కూర్చుంటే కింద పడ్డ పెన్ను, వెనకాల పిల్లాడి బొమ్మ మీరే తీయండి. మలుపులో ఉండగా పైలట్ తల చటుక్కున వంచితే చెవిలోని ఇంకో గొట్టం కూడా కదిలి, విమానం పల్టీ కొడుతున్నట్టు అనిపిస్తుంది.

ఏకాదశి ఉపవాసం, అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం, రంజాన్ రోజాలు. నేను వీటికి వ్యతిరేకిని కాదు. కానీ నీళ్ళు తాగని, తిండి లేని ఒంటికి ఆక్సిజన్ కొరతా, దిశాభ్రాంతీ తేలిగ్గా లొంగుతాయి. ఆ రోజు విమానం దించి ఉంచితే దేవుడేమీ అనుకోడు. జలుబు మాత్రలు ఇంకా ప్రమాదం. బెనడ్రిల్‌లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ వేసుకుంటే 60 గంటలు ఆగాలని ఎఫ్.ఏ.ఏ. చెబుతోంది. రాత్రి నిద్రకి వేసుకున్నానండీ, పొద్దున్నకి దిగిపోయింది అంటారు నా దగ్గరికి వచ్చేవాళ్ళు. మత్తు దిగినట్టు అనిపించడం వేరు, దిగడం వేరు.

చివరిగా, చలికాలం వస్తోంది కాబట్టి ఒకటి. చాలా చిన్న విమానాల్లో హీటర్ అంటే ఇంజను పొగగొట్టం చుట్టూ తిప్పి తెచ్చిన వేడిగాలే. ఆ గొట్టానికి బీట పడితే కార్బన్ మోనాక్సైడ్ లోపలికొస్తుంది. అది రంగు, వాసన లేని వాయువు, రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట తను కూర్చుంటుంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్ కూడా దీన్ని పట్టలేదు, అంకె బాగానే చూపిస్తుంది. 2019 జనవరి 21న ఇంగ్లిష్ చానెల్‌లో కూలిన, అమెరికాలో రిజిస్టరైన చిన్న విమానంలో పోయిన ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా రక్తంలో అది 58 శాతం దాకా ఉంది. శబ్దం చేసే కార్బన్ మోనాక్సైడ్ పరికరాలు దొరుకుతాయి. పుట్టినరోజుకి మీ పైలట్‌కి చొక్కా కొనే బదులు అదొకటి కొనివ్వండి. ఒకవేళ అది గాల్లో మోగితే హీటర్ కట్టేయాలి, బయటి గాలి తెరవాలి, ఆక్సిజన్ ఉంటే పెట్టుకోవాలి, దగ్గరున్న విమానాశ్రయంలో దిగిపోవాలి. తలనొప్పేమీ లేదు కదా, ఇంకో అరగంటలో ఇంటికే వెళ్ళిపోదాం అని అతను అంటే, పక్కసీట్లో ఉన్న మీరు ఒప్పుకోకండి.